టూర్ డి ఫ్రాన్స్‌లోకి పర్వతాలు ఎప్పుడు వచ్చాయి? గేర్లు లేని రోజుల్లో ఎలా ఎక్కారు?

మీరు ఒకే ప్రశ్నలో మూడు అడిగారు. ఫ్రాన్స్‌లో ఏటా మూడు వారాలు జరిగే సైకిలు రేసు ఈ టూర్‌లో పర్వత స్టేజీలు (ఒక్కో రోజు రేసును స్టేజీ అంటారు) మొదటి ఏడాది నుంచే ఉన్నాయా? గేర్లు లేని కాలంలో అంత ఎత్తు ఎలా ఎక్కారు? ఈమధ్య పాత రికార్డులు వరసపెట్టి పోతున్నాయి కదా, అది సైకిళ్ళ గొప్పా, మందుల మహిమా?

ముందు సూటిగా చెప్పేస్తాను. 1903లో రేసు మొదలైనప్పుడు అసలైన పర్వతాలు లేవు. 1905లో కావాలని ఒక కొండ పెట్టారు. 1910లో ఫ్రాన్స్, స్పెయిన్ సరిహద్దులోని పిరనీస్ పర్వతాలు, 1911లో ఆల్ప్స్‌లోని పెద్ద కనుమలు వచ్చాయి. గేర్లు బొత్తిగా లేవనడం సరికాదు. రెండు ఉండేవి, కాకపోతే ఒకదాన్నుంచి ఇంకోదానికి మారాలంటే సైకిలు దిగి, వెనక చక్రం విప్పి, తిరగేసి బిగించాలి. మూడో ప్రశ్నకు అవును, కాదు అని జవాబు లేదు, చివర్లో లెక్కతో చూపిస్తాను. మొత్తం చరిత్రలో నాకు కనిపించేది ఇది: కొండల్లో రేసు తీరును మార్చినవి గేరు, ఫినిష్ గీత ఎక్కడ గీశారన్నది. వీరుల పేర్లు వాటి తర్వాతే.

1903 నుంచి 1909 దాకా

లోటో అనే పత్రిక తన అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టిన రేసు ఇది. సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. మొదటి ఏడాది ఆరు స్టేజీలు, 2,428 కిలోమీటర్లు. స్టేజీలు ఎంత పొడుగంటే పారిస్ నుంచి లియోన్ దాకా మొదటిదే 467 కిలోమీటర్లు. రెండో స్టేజీలో సాంత్ ఎతియెన్ ఊరు దాటాక 1,161 మీటర్ల రెపుబ్లిక్ కనుమ తగిలింది. అందుకే "1910కి ముందు కొండలే లేవు" అని రాసేవాళ్ళది తప్పు. అయితే అది దారిలో అడ్డొచ్చిన కొండ, రేసు కోసం వెతికి పెట్టింది కాదు.

అలా వెతికి పెట్టిన మొదటి కొండ 1905లో వోజ్ పర్వతాల్లోని బాలోన్ దాల్జాస్. దెగ్రాంజ్‌కు దాని మీద నమ్మకం లేదు, సైకిలు మీద ఎవరూ ఎక్కలేరనే అనుకున్నాడు. రెనే పొతియే ఎక్కి చూపించాడు, మరుసటి ఏడాది టూరే గెలిచాడు. 1907లో గ్రెనోబుల్ పక్కన ఉన్న శార్త్రోజ్ కొండల్లో పోర్త్ కనుమ చేరింది. ఈ ఐదారేళ్ళలో పత్రికకు అర్థమైంది ఒక్కటే. మైదానంలో ముప్పైమంది గుంపుగా వస్తే రాయడానికేమీ ఉండదు, కొండ మీద ఒక్కొక్కరూ విడిపోతే పేజీలు నిండుతాయి.

1910: పిరనీస్

పిరనీస్‌ను దారిలో కలపమని పోరు పెట్టింది పత్రికలోనే పనిచేసే ఆల్ఫోన్స్ స్టైనెస్. దారి చూసి రమ్మని అతన్నే పంపారు. తూర్మలే కనుమ దగ్గర మంచులో కారు ఆగిపోయింది. దిగి చీకట్లో నడిచి, దారి తప్పి, నానా తిప్పలు పడి అవతలి వైపు బారేజ్ చేరాడు. అక్కణ్ణుంచి పారిస్‌కు ఇచ్చిన టెలిగ్రాంలో మాత్రం తూర్మలే దాటాను, రోడ్డు చాలా బావుంది, పోవచ్చు అని కొట్టాడు. ఈ అబద్ధం మీదే టూర్ పర్వతాల చరిత్ర నిలబడింది.

ఆ రోడ్లు ఎక్కడివి అన్న సందేహం రావచ్చు. మూడో నెపోలియన్ కాలంలో పిరనీస్‌లోని వేడినీటి బుగ్గల ఊళ్ళను కలుపుతూ గుర్రపు బళ్ళ కోసం వేసిన దారి అది. తారు లేదు. కంకర, మట్టి, వాన పడితే బురద. బండి చక్రాలు కోసిన గాడులు. అందుకే ఆ రోజుల టైములను ఇప్పటి టైములతో పక్కపక్కన పెట్టి చూడకూడదు.

1910 జూలై 21న లూషోన్ నుంచి బయోన్ దాకా 326 కిలోమీటర్లు. తెల్లవారకముందే బయలుదేరారు. వరసగా పెరసూర్ద్ (1,569 మీటర్లు), అస్పాన్ (1,489), తూర్మలే (2,115), ఓబిస్క్ (1,709). తూర్మలేను కాలు కింద పెట్టకుండా ఎక్కింది గుస్తావ్ గారిగూ. అందుకు అతనికి 100 ఫ్రాంకుల బహుమతి ఇచ్చారు. స్టేజీ గెలిచిన ఒక్తావ్ లాపీజ్ కొంత దూరం సైకిలు తోసుకుంటూ నడిచాడు. నిర్వాహకుల్ని చూసి హంతకులారా అని తిట్టింది ఇతనే. తూర్మలే మీద తిట్టాడని చాలాచోట్ల చూస్తారు, ఎక్కువమంది చెప్పేది మాత్రం ఓబిస్క్ అనే. లాపీజ్‌కు పట్టిన సమయం 14 గంటల 10 నిమిషాలు, అంటే సగటున గంటకు 23 కిలోమీటర్లు. ఆ రోడ్డు, ఆ సైకిలు లెక్కన ఇది మామూలు వేగం కాదు.

ఇక్కడ గమనించాల్సింది ఇంకోటుంది. ఓబిస్క్ పైకి ముందుగా చేరింది లాపీజ్ కాదు, ఫ్రాంసువా లాఫుర్కాద్ అనే అంతగా పేరులేని స్థానిక రైడరు. లాపీజ్ పావుగంట వెనక ఉన్నాడు. అయినా గెలిచాడు, ఎందుకంటే ఆఖరి కనుమ తర్వాత బయోన్‌కు ఇంకా 150 కిలోమీటర్ల పైనే ఉంది. కొండ మీద సంపాదించిన పావుగంట మైదానంలో కరిగిపోయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, 1952 గురించి చెప్పేటప్పుడు మళ్ళీ అవసరం.

రేసు నుంచి తప్పుకున్నవాళ్ళను ఎక్కించుకునే చీపురు బండి కూడా 1910లోనే మొదలైంది. మరుసటి ఏడాది గాలిబియే వచ్చింది. ముందుగా పైకి చేరింది ఎమీల్ జోర్జే. నడవకుండా ఎక్కినవాళ్ళు ముగ్గురే. దెగ్రాంజ్‌కు ఆ కనుమ ఎంత నచ్చిందంటే మిగతా కొండలన్నీ దాని ముందు దిగదుడుపే అన్న ధోరణిలో భక్తిగా వ్యాసమే రాశాడు. ఇప్పటికీ రేసు గాలిబియే మీదుగా వెళ్తే ముందుగా పైకెళ్ళినవాళ్ళకు అతని పేరుతో బహుమతి ఇస్తారు. ఒక చిన్న జాగ్రత్త: గాలిబియే ఎత్తు కొన్నిచోట్ల 2,556 మీటర్లు, కొన్నిచోట్ల 2,642 అని ఉంటుంది. రెండూ సరైనవే. మొదటిది సొరంగం ఎత్తు, పాత రేసులు అందులోంచే వెళ్ళాయి. 1976లో సొరంగం మూసేశాక దారి పైదాకా పోయింది.

గేరు మార్చడం ఎలా ఉండేదంటే

వెనక చక్రం హబ్బుకు రెండు వైపులా ఒక్కో పళ్ళచక్రం బిగించి ఉండేది. ఒకవైపు చిన్నది, మైదానానికి. రెండోవైపు నాలుగైదు పళ్ళు ఎక్కువున్నది, కొండకు. కొండ మొదట్లో చేసే పని ఇది:

దిగి, ఇరుసు రెండు చివర్లా ఉన్న చెవుల నట్లు చేత్తో వదులు చేయాలి. చక్రాన్ని కొంచెం ముందుకు నెట్టి చైను దించాలి. చక్రం బయటికి లాగి, ఎడమ వైపు కుడికి వచ్చేలా తిరగేసి, పెద్ద పళ్ళచక్రం మీద చైను వేయాలి. తర్వాత చక్రాన్ని వెనక్కి లాగి చైను బిగువు చూసుకుని, రెండు కడ్డీల మధ్య చక్రం సరిగ్గా నడిమిన ఉందో లేదో కంటితో చూసి, నట్లు బిగించాలి. చేయి తిరిగినవాడికి నిమిషం లోపు పని. కొండ దిగే ముందు ఇదంతా మళ్ళీ.

ఎక్కడ చెడేదంటే: చైను వదులుగా ఉంటే గతుకుల్లో జారిపోతుంది. మరీ బిగిస్తే పెడలు బరువెక్కుతుంది. ఒక నట్టు ఎక్కువ, ఒకటి తక్కువ బిగిస్తే చక్రం పక్కకు వాలి టైరు కడ్డీకి రాసుకుంటుంది. వానలో, చలిలో వేళ్ళు కొయ్యబారితే నట్టు తిరగనే తిరగదు. ఇటలీలో తుల్లియో కాంపాన్యోలో ఒక కొండ మీద ఇలాగే చలికి వేళ్ళు పనిచేయక ఇబ్బంది పడ్డాడని, ఆ కసితోనే మీట తిప్పితే చక్రం ఊడొచ్చే క్విక్ రిలీజ్ కనిపెట్టాడని చెబుతారు. 1930లో దానికి పేటెంటు తీసుకున్నాడనీ అంటారు.

పళ్ళ సంఖ్యలో పెద్ద తేడా ఎందుకు పెట్టుకోలేదంటే అది చైను లెక్క. చైను ఒక లింకు కొలత 12.7 మిల్లీమీటర్లు. వెనక నాలుగు పళ్ళు పెంచితే ఇరుసు సరిగ్గా ఒక లింకంత, అంటే 12.7 మిల్లీమీటర్లు, ముందుకు జరగాలి. ఇరుసు కూర్చునే గాడి పొడుగు కొద్దిగానే ఉంటుంది కాబట్టి తేడా ఆరేడు పళ్ళు దాటించడం కష్టం. ముందు 44 పళ్ళు, వెనక 22 అనుకుందాం. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లయితే పెడలు ఒక చుట్టుకు సైకిలు 4.2 మీటర్లు పోతుంది. నిటారు ఎక్కుడులో గంటకు 8 కిలోమీటర్ల వేగంతో పోతుంటే నిమిషానికి 32 చుట్లు. ఇది తొక్కడం కాదు, ఒక్కో పెడలు మీదా నిలబడి దాన్ని కిందికి దించడం. ఇప్పటిలా ముందు 40, వెనక 34 పళ్ళతో అదే వేగానికి 54 చుట్లు పడతాయి. పాతవాళ్ళు దిగి నడిచింది ఓపిక లేక కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ తంతు చుట్టూ ఎత్తుగడలు కూడా ఉండేవి. ఎదుటివాడు చక్రం తిప్పడానికి దిగితే ఇవతలివాడు దిగకుండా పెద్ద గేరులోనే ఇంకో కిలోమీటరు కొట్టుకుపోయి దూరం పెంచేవాడు. ఎవడు ముందు దిగుతాడా అని ఒకరినొకరు చూసుకోవడమే సగం రేసు.

తొక్కుతూనే గేరు మార్చే పరికరాలు అప్పటికే మార్కెట్లో ఉన్నాయి. దెగ్రాంజ్ ఒప్పుకోలేదు. గేర్లు నలభై ఐదు దాటినవాళ్ళకేనని, గెలుపు కండబలంతో రావాలి గానీ యంత్రంతో కాదని అతని వాదన. 1936లో ఆరోగ్యం చెడి అతను పక్కకు తప్పుకున్నాడు, బాధ్యత జాక్ గొదే చేతికి వచ్చింది. 1937లోనే డెరైల్యూర్‌కు, అంటే తొక్కుతుండగానే చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదాని మీదకు మార్చే పరికరానికి, అనుమతి ఇచ్చారు. ఆ ఏడాది గెలిచిన రోజే లాపెబీ సైకిలుకు అది ఉంది. ముప్పై ఏళ్ళ పట్టుదల ఒక్క ఏడాదిలో పోయింది. నా మటుకు టూర్ పర్వత చరిత్రలో 1910 కన్నా 1937 పెద్ద మలుపు, అయినా దాని గురించి రాసేవాళ్ళు తక్కువ.

అయితే ఆ మొదటి డెరైల్యూర్లను ఇప్పటి వాటిలా ఊహించుకోకండి. 1948లో జీనో బార్తాలీ గెలిచిన సైకిలుకు కాంపాన్యోలో వాళ్ళ కాంబియో కోర్సా ఉండేది. సీటు కిందనుంచి వెనక ఇరుసుకు దిగే కడ్డీకి రెండు మీటలు. ఒక చెయ్యి వెనక్కి పెట్టి ఒక మీటతో ఇరుసు వదులు చేయాలి, పెడలు వెనక్కి తొక్కుతూ రెండో మీటతో చైనును పక్క పళ్ళచక్రం మీదకు నెట్టాలి, మళ్ళీ మొదటి మీట బిగించాలి. ఇదంతా కొండ మీద, సైకిలు నడుస్తుండగా. బిగించడం మరిస్తే చక్రం కదిలిపోతుంది. ఆ ఏడాది బార్తాలీ 21 నిమిషాలకు పైగా వెనకబడి ఉండి, ఆల్ప్స్‌లో వరసగా మూడు స్టేజీలు గెలిచి టూర్ తీసుకెళ్ళాడు. అతని మొదటి గెలుపు 1938లో. రెండింటికీ మధ్య పదేళ్ళు, ఒక ప్రపంచయుద్ధం.

సొంత రిపేరు నియమం

విరిగితే ఎవరిదివాళ్ళే బాగుచేసుకోవాలి, ఎవరి సాయమూ తీసుకోకూడదు అన్నది అప్పటి నియమం. దీనికి అందరూ చెప్పే ఉదాహరణ 1913లో యూజెన్ క్రిస్తోఫ్. తూర్మలే దిగుతుంటే ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగింది. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి సాంత్ మరీ ద కంపాన్ ఊళ్ళో కమ్మరి కొలిమి దగ్గరకు చేరాడు. అధికారులు పక్కన నిలబడి చూస్తుండగా తనే ఇనుము కాల్చి అతికించుకున్నాడు. చేతులు రెండూ పనిలో ఉండటంతో కొలిమి తిత్తి ఒక కుర్రాడు ఊదాడు. దానికి పది నిమిషాల జరిమానా వేసి తర్వాత మూడుకు తగ్గించారు. దాదాపు నాలుగు గంటలు పోయాక ఆ మూడు నిమిషాలతో ఒరిగేదేముంది, వట్టి పంతం. 1919లో మొత్తం సమయంలో ముందున్నవాడికిచ్చే పసుపు జెర్సీ పెట్టినప్పుడు దాన్ని మొదట తొడుక్కున్నదీ క్రిస్తోఫే, ఆ ఏడాది ఆఖరి రోజుల్లో మళ్ళీ ఫోర్కు విరిగి గెలుపు పోగొట్టుకున్నదీ అతనే.

ఫోర్కు విరగడం దురదృష్టం అనుకుంటాం గానీ, దానికి కారణం ఉంది. గతుకుల దిగుడులో ప్రతి దెబ్బా ఫోర్కు మెడ దగ్గర, గొట్టం ముక్కలు అతికిన చోట పడుతుంది. రోజుకు మూడు వందల కిలోమీటర్లు అలా కొట్టుకుంటే సన్న పగులు పెరిగి, ఒక గుంత దగ్గర తెగిపోతుంది. బయట సాయం తీసుకోవడం మీద ఉన్న ఈ బిగింపు 1930లో సడలింది. అదే ఏడాది కంపెనీ జట్ల స్థానంలో దేశాల జట్లు వచ్చాయి.

ఫినిష్ గీత కొండెక్కడం

1933లో కొండలు ముందుగా ఎక్కినవాళ్ళకు పాయింట్లిచ్చే కొండల రాజు పోటీ మొదలైంది. గెలిచింది విసెంతె త్రుఎబా అనే చిన్న ఆకారపు స్పెయిన్ మనిషి. ఎక్కడంలో ఎదురులేదు, దిగడంలో మాత్రం భయస్తుడు. పైన సంపాదించింది కింద పోయేది. అందుకని 1934 నుంచి కనుమ ముందుగా దాటినవాళ్ళకు సమయంలో కొంత తగ్గింపు ఇచ్చారు. కనుమ పైన ఎంత ముందున్నా ఊళ్ళోకి వచ్చేసరికి అది మిగలదన్న పాత సమస్యకు ఇది పైపూత మందు.

అసలు మందు 1952లో దొరికింది. గీతనే కొండ మీద గీశారు. ఆ ఏడాది మూడుచోట్ల: ఆల్ప్ దుయెజ్, సెస్త్రియేరే, పుయి ద దోమ్. మూడూ గెలిచింది ఇటలీ మనిషి ఫౌస్తో కొప్పీ. పారిస్ చేరేసరికి రెండోవాడికన్నా 28 నిమిషాలు ముందున్నాడు. రేసులో పస పోయిందని నిర్వాహకులు మధ్యలోనే రెండో స్థానం బహుమతి డబ్బు పెంచాల్సి వచ్చింది. ఆల్ప్ దుయెజ్‌కు ఆ తర్వాత 1976 దాకా మళ్ళీ వెళ్ళలేదు. ఇప్పుడు అందరికీ తెలిసిన ఆ 21 మలుపులకు, 13.8 కిలోమీటర్లకు ఇరవై నాలుగేళ్ళు గిరాకీ లేదంటే నమ్మబుద్ధి కాదు. టెలివిజన్ పెరిగాక దాని విలువ తెలిసింది. ఒకే కొండ, గంటలోపు పోరాటం, రోడ్డుకు రెండువైపులా జనం.

ఈ మార్పుతో రైడర్ల రకం కూడా మారింది. దిగుడు రాకపోయినా, మైదానంలో ఒంటరిగా నెగ్గుకురాలేకపోయినా, తేలికైన మనిషి ఎక్కి గెలవగలడు. 1984లో ఆల్ప్ దుయెజ్ గెలిచిన లూచో ఎరేరా ఇందుకు ఉదాహరణ. టూర్‌లో స్టేజీ గెలిచిన మొదటి కొలంబియా మనిషి, అప్పటికింకా అమెచ్యూరు. కొలంబియా రైడర్లలో చాలామంది పుట్టి పెరిగేదే ఎత్తైన కొండ ప్రాంతాల్లో. ఆ దేశానికి మొత్తం టూర్ దక్కడానికి మాత్రం 2019లో ఎగన్ బెర్నాల్ దాకా ఆగాల్సి వచ్చింది. అదీ విచిత్రంగా. వడగళ్ళు, కొండచరియలతో ముందు రోడ్డు మూసుకుపోవడంతో 2,770 మీటర్ల ఇజెరాన్ పైన ఎవరెవరు ఎంత తేడాతో ఉన్నారో అదే లెక్కన తీసుకున్నారు. అతను పసుపు జెర్సీ తొడుక్కున్నది ఆ రోజే. ముందు ప్రకటించని గీత అది.

స్టేజీల పొడుగూ తగ్గుతూ వచ్చింది. 1910లో లూషోన్ నుంచి 326 కిలోమీటర్లు అన్నాను కదా, 2018లో అదే లూషోన్ నుంచి మూడు కొండలతో 65 కిలోమీటర్ల స్టేజీ పెట్టారు, నైరో కింతానా గెలిచాడు. అప్పుడు పరీక్ష ఓర్పుకు, ఇప్పుడు శక్తికి. రెండూ ఒకే రేసు పేరుతో నడుస్తున్నాయి గానీ ఒకే ఆట కావు.

ఇక మందుల సంగతి

మందులు ఈమధ్య వచ్చినవి కావు. 1967 జూలై 13న వాన్తూ కొండ మీద, పైకి ఇంకో కిలోమీటరున్నర ఉందనగా బ్రిటన్ రైడరు టామ్ సింప్సన్ పడిపోయి చనిపోయాడు. ఎండ, డీహైడ్రేషన్, ఒంట్లో యాంఫెటమిన్లు, మద్యం అన్నీ కలిశాయి. వాన్తూ స్వభావం తెలిస్తే ఇది ఇంకా అర్థమవుతుంది. బెద్వాన్ వైపు నుంచి 21 కిలోమీటర్లకు పైన ఎక్కుడు. కింద అడవిలో గాలి ఆడదు, శాలే రేనార్ దాటాక ఆఖరి ఆరు కిలోమీటర్లు చెట్టు నీడ లేని తెల్లరాయి. యాంఫెటమిన్ అలసట తెలియనివ్వదు, అంటే శరీరం ఆగమని చెప్పే మాట వినపడదు. ఎండలో, ఎక్కుడులో అది ప్రాణం మీదికి తెస్తుంది.

1990లలో వచ్చిన ఈపీవో వేరే రకం. రక్తంలో ఎర్ర కణాలు పెంచి కండరాలకు ఆక్సిజన్ ఎక్కువ అందిస్తుంది. మైదానంలో కన్నా పొడవాటి ఎక్కుడులో దాని లాభం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. దానికి సరైన పరీక్ష లేక 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య రక్తంలో కణాల వంతు 50 శాతం దాటితే పోటీ చేయనివ్వం అని గీత గీసింది. 1998లో ఫెస్తినా జట్టు కారులో మందులు దొరికాయి, జట్టును పంపించేశారు. 1999 నుంచి 2005 దాకా లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ గెలిచిన ఏడు టూర్లనూ 2012లో రద్దు చేశారు, ఆ ఏళ్ళకు విజేత అంటూ ఎవరూ లేరు. మీరు పాత రికార్డులు అంటున్నవాటిలో చాలావరకు ఈ కాలానివే. కాబట్టి "అప్పటి మందుల టైమును ఇప్పుడు మందుల్లేకుండా ఎలా దాటతారు" అన్న అనుమానం న్యాయమైనదే. కానీ అనుమానం రుజువు కాదు.

ఎంత భాగం సైకిలుది? ఒక లెక్క వేద్దాం. మనిషి 70 కిలోలు, ఎక్కుడు 8 శాతం, కాళ్ళ శక్తి 250 వాట్లు. గాలిని పక్కన పెడదాం. సైకిలు 15 కిలోలు, రోడ్డు కంకర అయితే గంటకు 11 కిలోమీటర్ల చిల్లర. అదే మనిషి, అదే శక్తి, సైకిలు 7 కిలోలు, రోడ్డు నున్నటి తారు అయితే 14 చిల్లర. పదిహేను కిలోమీటర్ల కొండ మీద దాదాపు పావుగంట తేడా. అంటే 1910కీ ఇప్పటికీ మధ్య సైకిలు, రోడ్డు తెచ్చిన తేడా చాలా పెద్దది. కానీ 1998కీ ఇప్పటికీ మధ్య అంత లేదు. తారు అప్పుడూ ఉంది, సైకిలు బరువు 2000 నుంచి 6.8 కిలోలకు తగ్గకూడదన్న నియమం ఉంది. ఈ పాతికేళ్ళలో మారినవి చిన్నచిన్నవి: వెడల్పు టైర్లు, చెమట ఆరే బట్టలు, ఐసు చొక్కాలు, అన్నిటికన్నా ముఖ్యంగా తిండి. ఇప్పుడు రైడర్లు గంటకు 90 నుంచి 120 గ్రాముల కార్బోహైడ్రేట్ తీసుకుంటున్నారు. ఐదో గంటలో ఆఖరి కొండ మొదలైనప్పుడు కాళ్ళలో ఇంకా సత్తా మిగిలేది దానివల్లే.

2024లో పిరనీస్‌లోని ప్లాతో ద బేయ్ కొండ మీద స్లొవేనియా రైడరు తాదే పొగాచార్, 1998 నాటి ఇటలీ రైడరు మార్కో పంతానీ టైమును మూడు నిమిషాలకు పైగా దాటాడు. ఇలాంటివి పోల్చేటప్పుడు ఒకటి చేయండి. ఎక్కిన ఎత్తును (మీటర్లలో) పట్టిన నిమిషాలతో భాగించి 60తో గుణించండి, గంటకు ఎన్ని మీటర్లు ఎత్తు ఎక్కారో వస్తుంది. ఆ కొండ ఎత్తు తేడా 1,250 మీటర్ల దాకా, సమయం 40 నిమిషాల లోపు. గంటకు 1,850 మీటర్లు దాటుతుంది. తర్వాత ఇవి చూడండి: గడియారం ఎక్కడ మొదలుపెట్టారు (ఆల్ప్ దుయెజ్‌కు రెండు మూడు మొదళ్ళు చెబుతారు, అర నిమిషం పైనే తేడా వస్తుంది), ఎదురుగాలా కాదా, కొండకు ముందు ఎన్ని కనుమలు దాటారు, జట్టువాళ్ళు ఎంతదూరం ముందుండి లాగారు. 2022లో ఆల్ప్ దుయెజ్ ఎక్కినప్పుడు పంతానీ టైము దరిదాపులకు ఎవరూ రాలేదు. ఆ రోజు ముందే గాలిబియే, క్రువా ద ఫేర్ ఎక్కి, ఎండలో కాలి వచ్చారు. 1997లో పంతానీ ఎక్కినప్పుడు ఆ కొండకు ముందు దారి చాలావరకు చదును. ఒక కొండ మీద రికార్డు పోయిందని, ఇంకో కొండ మీద పోలేదని దేన్నీ తేల్చలేం.

కొండల రాజు పోటీలో ముందున్నవాడు వేసుకునే చుక్కల జెర్సీ గురించి కూడా చెప్పేస్తాను. పోటీ 1933 నాటిదే అయినా తెల్ల బట్ట మీద ఎర్ర చుక్కల జెర్సీ 1975లో వచ్చింది, అప్పటి స్పాన్సరు ఒక చాక్లెట్ కంపెనీ. కొండల్ని తేలికైన నాలుగో తరగతి నుంచి మొదటి తరగతి దాకా, ఆ పైన లెక్కకందనివి అని ఐదు రకాలుగా విడదీస్తారు. ఆఖరి రకం 1979లో చేర్చారు. ఆ రకం కొండ ముందుగా ఎక్కితే 20 పాయింట్లు, మొదటి తరగతికి 10, రెండోదానికి 5, మూడోదానికి 2, నాలుగోదానికి 1. ఏడుసార్లు గెలిచిన రిషార్ విరాంక్ లాంటివాళ్ళు పొద్దున్నే గుంపు నుంచి తప్పించుకుని మధ్య కనుమల్లో పాయింట్లు పోగేసుకుంటారు. అందుకని చుక్కల జెర్సీ వేసుకున్నవాడే అందరికన్నా బాగా ఎక్కేవాడని అనుకోకండి. కొన్నేళ్ళు పసుపు జెర్సీవాడికే ఇదీ దక్కుతుంది: 2020, 2021లో పొగాచార్‌కు, 2022లో యోనాస్ వింగెగార్డ్‌కు అలాగే వచ్చింది. పెద్ద కొండల మీద ఫినిష్‌లు ఎక్కువైన ఏళ్ళలో అలా జరుగుతుంది.

టూర్‌ను మొదటిసారి చూడబోతున్నట్టయితే, జూలైలో ఫ్రాన్స్ టైము మనకన్నా మూడున్నర గంటలు వెనక. పర్వత స్టేజీ ఆఖరి కొండ మామూలుగా మన రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య పడుతుంది. ముందు నాలుగు గంటలు చూడకపోయినా పర్లేదు గానీ, ఆఖరి కొండకు ముందున్న కనుమ దిగుడు దగ్గర్నుంచి చూడండి. ఏ జట్టు ముందుకొచ్చి వేగం పెంచుతోందో అక్కడే తెలుస్తుంది. వెనక స్ప్రింటర్లు (చదును దారిలో ఆఖరి వేగానికి పేరున్నవాళ్ళు) గుంపు కట్టి నెమ్మదిగా వస్తుంటే జాలిపడొద్దు. విజేత సమయానికి ఇంత శాతం దాటితే ఇంటికి పంపుతారన్న నియమం ఉంది, వాళ్ళు ఆ గీతకు రెండు మూడు నిమిషాలు ఇవతల చేరేలా లెక్క వేసుకునే తొక్కుతుంటారు.